ఇంగ్లిష్ విజిల్‌కి మన ఈల ఒక్కటే సరిపోదు

మీరు అడిగింది ఇది. పలాసలో ఇంటి దగ్గరే కూర్చుని ఒక ఇంగ్లండ్ కంపెనీకి పనిచేస్తున్నారు. అక్కడి మేనేజరు మెసేజ్ పెట్టాడు. రేపు రిపోర్టు మీద ‘విజిల్ స్టాప్ టూర్’ చాలు, ‘బెల్స్ అండ్ విజిల్స్’ వద్దు, ఇక అదనపు బడ్జెట్ సంగతంటారా, ‘వుయ్ కెన్ విజిల్ ఫర్ ఇట్’ అని. చివరి ముక్కకి మీరు ‘ఈల వేస్తే చాలు, డబ్బు వచ్చేస్తుంది’ అని అర్థం చెప్పుకుని టీమ్ అందరికీ శుభవార్త చేరవేశారు. తర్వాత సంగతి తెలిసి తల పట్టుకున్నారు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలేమిటి, కంపెనీ ట్రైనింగ్‌లో చెప్పే విజిల్ బ్లోయర్‌కీ దీనికీ చుట్టరికం ఉందా, మేనేజరుకి ఇప్పుడు ఏమని జవాబు రాయాలి అంటున్నారు.

బాబూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. శ్రీకాకుళంలో 30 ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి. ఇలాంటి పొరపాట్లు తెలివైనవాళ్లే ఎక్కువ చేస్తారు, ఎందుకంటే వాళ్లు ప్రతిదానికీ లాజిక్ వెతుకుతారు. మన ఊళ్లో ఈల వేస్తే కుక్క పరిగెత్తుకొస్తుంది, వీధి చివరి స్నేహితుడు బయటికొస్తాడు. అలాంటప్పుడు బడ్జెట్ మాత్రం ఎందుకు రాదు? కానీ ఇంగ్లిష్ వాళ్లు ఈ మాటని వెటకారంగా వాడతారు. ‘యూ కెన్ విజిల్ ఫర్ ఇట్’ అంటే, ఎంతసేపైనా ఈల వేసుకో, అది మాత్రం రాదు అని. మన భాషలో ‘ఆ డబ్బు మీద నీళ్లొదులుకో’. పాతకాలం తెరచాప ఓడల్లో గాలి పడిపోతే నావికులు ఈల వేసి గాలిని పిలిచేవారు. గాలి మాత్రం దాని ఇష్టమొచ్చినప్పుడే వచ్చేది. ఈ నుడికారం అక్కణ్ణుంచే వచ్చిందని చెబుతారు. మీ మేనేజరు ‘యూ’ అనకుండా ‘వుయ్’ అన్నాడు చూడండి. మిమ్మల్ని వెక్కిరించలేదు, ఇద్దరి తరఫునా నిట్టూర్చాడు.

అసలు చిక్కు మన భాషలో మాటలు తక్కువై కాదు, ఎక్కువై వచ్చింది. చప్పుడు ఎవరు చేశారన్నదాన్ని బట్టి మనం మాట మారుస్తాం. నోటితో వేస్తే ఈల. రైలుబండిదైతే కూత. ‘బండి కూసింది, పదండి’ అంటామే గానీ బండి ఈల వేసిందని ఎవరూ అనరు. తూటా రివ్వున పోతుంది, గాలి రివ్వుమని కొడుతుంది. కొబ్బరాకు చుట్టి ఊదితే బూర. పోలీసు చేతిలోది, రిఫరీ నోట్లోది, కుక్కర్ నెత్తిన ఉన్నది మాత్రం కొత్తగా వచ్చాయి కాబట్టి వాటిని విజిల్ అనే ఉంచేశాం. ఇంగ్లిష్‌లో వీటిలో దాదాపు అన్నిటికీ కలిపి ఒకటే మాట. గాలి విజిల్ చేస్తుంది, తూటా చేస్తుంది, కెటిల్ చేస్తుంది, ఇంజనూ చేస్తుంది. అందుకని ఇంగ్లిష్‌లో ఆ మాట కనబడగానే ‘ఈల’ అని పెట్టేయకండి. ఈ విజిల్ ఊదినవాడెవడు, ఎవరికి వినబడాలని ఊదాడు? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగానికి పైగా నుడికారాలు వాటంతటవే విడిపోతాయి.

నాకు ఈ సంగతి పుస్తకాలకన్నా ముందు నౌపడ స్టేషన్లో తెలిసింది. మా నాన్నగారు గార్డు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, అక్కణ్ణుంచి గుణుపురం వెళ్లే చిన్న లైను ఉండేది కదా, పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైనది, 2004లో నేరోగేజ్ తీసేసి బ్రాడ్‌గేజ్‌గా మార్చినది, ఆ బండి మీద. ఆయన మెడలో ఇత్తడి విజిల్, చేతిలో పచ్చజెండా. ఆయన ఊదింది ప్లాట్‌ఫాం దాటి వినబడేది కాదు. దానికి ఇంజను ఇచ్చే జవాబు మాత్రం ఊరంతటికీ వినబడేది. సాయంత్రం బండి కూత విన్నాకే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. ఇంట్లో మేం ‘నాన్న విజిల్’ అనేవాళ్లం, ‘బండి కూత’ అనేవాళ్లం. రైల్వే రూల్సు పుస్తకంలో రెండూ విజిలే. ఆవిరి ఇంజన్లు పోయి హారన్ల ఇంజన్లు వచ్చినా రైల్వే వాళ్లు ఆ మాట వదల్లేదు. లెవెల్ క్రాసింగ్‌కి ముందు పట్టాల పక్కన పసుపు బోర్డు మీద డబ్ల్యూ, ఎల్ అని రెండక్షరాలుంటాయి చూడండి. గేటు వస్తోంది, విజిల్ కొట్టు అని డ్రైవరుకి చెప్పడం. దాని మీదే హిందీలో సీ, ఫా అని ఉంటుంది. సీటీ, ఫాటక్ అన్నమాట.

మీ ‘విజిల్ స్టాప్’ కూడా రైలు మాటే. అమెరికాలో కొన్ని చిన్న ఊళ్లలో దిగేవాళ్లో ఎక్కేవాళ్లో ఉంటే తప్ప బండి ఆగేది కాదు. ఆగాల్సి వస్తే విజిల్‌తో కబురు. అలాంటి ఊరిని విజిల్ స్టాప్ అన్నారు, అందులో కొంచెం చిన్నచూపు కూడా ఉంది. 1948 అధ్యక్ష ఎన్నికల్లో హ్యారీ ట్రూమన్ రైలెక్కి దేశమంతా తిరిగి, ఆగిన ప్రతి ఊళ్లో వెనక బోగీ మెట్ల మీద నిలబడి మాట్లాడాడు. ఎదుటి పార్టీ సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్, ఈయన దేశంలోని విజిల్ స్టాపులన్నిట్లో కాంగ్రెస్‌ని (అంటే వాళ్ల పార్లమెంటుని) తిడుతూ తిరుగుతున్నాడు అని చురక వేశాడు. ట్రూమన్ పార్టీవాళ్లు ఊరుకుంటారా, మీ ఊరిని విజిల్ స్టాప్ అన్నారు, ఒప్పుకుంటారా అని ఆ ఊళ్ల మేయర్లని టెలిగ్రాములిచ్చి మరీ అడిగారు. తిట్టుగా వాడిన మాట ప్రచారానికి పేరైపోయింది, ఓడిపోతాడని అందరూ అనుకున్న మనిషి గెలిచాడు. ఇప్పుడు ఇంగ్లండులో ‘విజిల్ స్టాప్ టూర్’ అంటే రైలూ లేదు, ఎన్నికలూ లేవు, గబగబా చుట్టేసి రావడమే. పాసింజర్ బండి దూసిలో, ఉర్లాంలో, తిలారులో ఆగినట్టు మీ రిపోర్టులో ఒక్కో అధ్యాయం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దిగి టీ తాగొద్దు.

‘బెల్స్ అండ్ విజిల్స్’కి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట మన దగ్గరే ఉంది, హంగులు. మూకీ సినిమాల రోజుల్లో థియేటర్లలో ఉండే పెద్ద ఆర్గన్లకి గంటలు, ఈలల్లాంటి అదనపు చప్పుళ్లు అమర్చేవారనీ, మాట అక్కణ్ణుంచి వచ్చిందనీ ఒక వాదన. ఏదైనా, కంప్యూటర్ల కాలంలో బాగా పాకింది. మా మేనల్లుడు స్కూటీకి మూడు రంగుల లైట్లు, హారన్‌లో పాట, అద్దాలకి కుచ్చులు పెట్టించాడు. బ్రేకులు మాత్రం పట్టవు. అవీ బెల్స్ అండ్ విజిల్స్. రెండు మాటలూ జంటగా, బహువచనంలోనే రావాలి. మెచ్చుకోవడానికీ వాడొచ్చు, ‘విత్ ఆల్ ది బెల్స్ అండ్ విజిల్స్’ అంటే సకల హంగులతో అని.

ఇక విజిల్ బ్లోయర్. దీన్ని తొందరగా దాటేస్తే బాగుండదు, మీ ఉద్యోగానికి పనికొచ్చేది కూడా.

ఇక్కడ ఊదేది రిఫరీయా, పోలీసా అన్నదాని మీద రెండు మాటలున్నాయి గానీ రెంటిలోనూ జరిగేది ఒకటే, తప్పు జరుగుతుంటే అందరికీ వినబడేట్టు ఊది ఆట ఆపేయడం. పోలీసు విజిల్ మనం అనుకున్నంత పాతదేమీ కాదు. లండన్ పోలీసులు అంతకుముందు చెక్క గిలకల్లాంటివి గిరగిరా తిప్పి చప్పుడు చేసేవారు. బర్మింగ్‌హామ్‌కి చెందిన జోసెఫ్ హడ్సన్ 1883లో చేసిచ్చిన విజిల్ వచ్చాక వాటికి కాలం చెల్లింది. లోపల చిన్న గోళీ దొర్లి గరగరమనే రిఫరీ విజిల్ కూడా ఆయనదే, ఆ మరుసటి ఏడాది. అందులో గోళీ తడికి ఇరుక్కుంటే విజిల్ మూగబోతుంది. రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కెనడా బాస్కెట్‌బాల్ రిఫరీ విసిగిపోయి, 1987లో గోళీ లేని విజిల్‌ని బజారులోకి తెచ్చాడు. శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో ఆటలు చూడ్డానికి వెళ్లినప్పుడు చెవి పెట్టి వినండి, గరగరమంటే పాత రకం, గోరుతో అద్దం గీరినట్టు సూటిగా దిగితే కొత్త రకం.

‘బ్లో ది విజిల్ ఆన్’ అంటే ఫలానా తప్పుని బయటపెట్టడం. అలా బయటపెట్టే లోపలి మనిషిని చాలాకాలం చాడీలు చెప్పేవాడిలాగే చూశారు. 1970ల మొదట్లో రాల్ఫ్ నాడర్ అనే అమెరికన్ ఉద్యమకారుడు పట్టుబట్టి విజిల్ బ్లోయర్ అన్న మాటకి గౌరవం తెచ్చాడు. మన దేశంలో ఈ మాట అందరి నోళ్లలో పడింది ఒక విషాదంతో. జాతీయ రహదారి పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే, 2003 నవంబరులో గయలో హత్యకి గురయ్యాడు. తన పేరు బయటపెట్టొద్దని ఆ ఉత్తరంలోనే కోరాడు. విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం పార్లమెంటు దాటి రాష్ట్రపతి ఆమోదం పొందేసరికి 2014 వచ్చింది.

మన పత్రికల్లో కొన్ని దీన్ని ‘ప్రజావేగు’ అని రాస్తున్నాయి. నాకు నచ్చదు. వేగు అంటే గూఢచారి, ఒకరి రహస్యాన్ని ఇంకొకరికి రహస్యంగా మోసేవాడు. ఇక్కడ విజిల్ ఊదేది వాడవాడంతా వినాలని. విజయనగరంలో మా అమ్మాయి ఉండే వీధిలో రాత్రి రెండింటికి గూర్ఖా విజిల్ ఊదుతూ కర్ర నేలకి తాటిస్తూ పోతాడు. ఆ విజిల్ ఇళ్లవాళ్లకి నిద్రలో ధైర్యం, దొంగకి కబురు. (దొంగని పట్టుకోవడానికి ఊదుతాడా, తప్పుకోమని ఊదుతాడా అన్నది మా అల్లుడికి ఎప్పటికీ తీరని సందేహం.) ప్రజావేగు కన్నా విజిల్ బ్లోయర్ అని తెలుగు లిపిలో రాసేస్తే అందరికీ అర్థమవుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు.

అందరికీ వినబడే విజిల్‌కి సరిగ్గా తిరగేసినది డాగ్ విజిల్. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దాటితే వినబడదు, వయసు మీరినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. కుక్కకి దానికి రెట్టింపు దాకా వినబడుతుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1876లో అలాంటి విజిల్ తయారుచేసి, చేతికర్రలో అమర్చుకుని లండన్ జూలో బోనుల మధ్య తిరుగుతూ ఏ జంతువు చెవులు రిక్కిస్తుందా అని చూసేవాడు. రాజకీయాల్లో డాగ్ విజిల్ అంటే, పైకి మామూలుగా ఉండి, చేరాల్సినవాళ్లకి మాత్రం అసలు సంగతి చేర్చే మాట. ఒకసారి క్లాసులో ఒకమ్మాయి, ‘అయితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం లాంటిదా సార్’ అంది. మంచి ప్రయత్నం. కానీ గుమ్మడికాయల సామెతలో తప్పు చేసినవాడు తనంతట తను దొరికిపోతాడు. డాగ్ విజిల్‌లో ఎవరూ దొరకరు, అదే దాని సౌకర్యం. నిలదీస్తే ‘నేనేమన్నాను?’ అనొచ్చు.

మిగతావి కొన్నిటికి మన దగ్గర తయారుగా జోడీలున్నాయి. ‘క్లీన్ యాజ్ ఎ విజిల్’ అంటే కడిగిన ముత్యంలా. ఇల్లు శుభ్రంగా ఉన్నా అనొచ్చు, విచారణలో ఏ మచ్చా లేకుండా బయటపడ్డ మనిషినీ అనొచ్చు. ‘విజిలింగ్ ఇన్ ది డార్క్’ అంటే చీకట్లో భయమేస్తుంటే ధైర్యంగా ఉన్నట్టు ఈల వేసుకుంటూ నడవడం, మన మేకపోతు గాంభీర్యం. మనవాళ్లయితే శ్మశానం దాటేటప్పుడు ఈల వేయరు, ఆంజనేయ దండకం అందుకుంటారు. పైగా రాత్రి ఈల వేస్తే పాములొస్తాయని మా నాయనమ్మ నోరు మూయించేది. ఇంగ్లిష్ వాళ్లకీ ఈ పట్టింపులు తక్కువేం కాదు. నాటకాల తెర వెనక ఈల వేస్తే అరిష్టమంటారు. ఒకప్పుడు అక్కడ తెరలు లాగడానికి నావికుల్ని పెట్టుకునేవారనీ, వాళ్ల సైగలు ఈలలేననీ, ఎవడో సరదాగా వేస్తే బరువైన తెర నెత్తిన పడేదనీ కారణం చెబుతారు.

‘వెట్ యువర్ విజిల్’ అంటే గొంతు తడుపుకోవడం. ఇక్కడ విజిల్ అంటే నోరే, గొంతే. దీనిమీద ఫోన్లలో ఒక కథ తిరుగుతోంది, పాత సారాయి కొట్లలో మగ్గుల పిడికి విజిల్ ఉండేదనీ, ఇంకోటి పొయ్యమని అది ఊదేవారనీ. నమ్మకండి. 14వ శతాబ్దంలో చాసర్ కవి అప్పటికే విజిల్ తడిసిందని రాశాడు, నోరు అన్న అర్థంలోనే.

వుల్ఫ్ విజిల్ గురించి ఒక్క మాట చాలు. ఆడపిల్ల వెళ్తుంటే రెండు స్వరాల్లో లాగి వేసే ఈల అది. ఇంగ్లిష్‌లో పేరు ముద్దుగా ఉందని మోసపోకండి. అవమానించే ఉద్దేశంతో చేసే శబ్దం కూడా మన భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరమే.

అన్ని ఈలలూ అలాంటివి కావు. మన హాల్లో హీరో తెర మీదికి రాగానే పడే ఈలలు హారతి లాంటివి. ఈలతో కీర్తనలు పలికించిన రఘురామయ్యగారికి ‘ఈలపాట’ ఇంటిపేరైపోయింది. కానీ యూరప్‌లో చాలాచోట్ల ఫుట్‌బాల్ మైదానంలో జనం ఈల వేశారంటే ఛీకొడుతున్నారని. అమెరికాలో మళ్లీ మనలాగే మెచ్చుకోలు. కాబట్టి ఇంగ్లిష్ వ్యాసంలో ‘ది ఆడియెన్స్ విజిల్డ్’ అని రాసి వదిలేస్తే చదివేవాడికి పొగిడారో తిట్టారో తేలదు. ‘విజిల్డ్ అండ్ చీర్డ్’ అని ఇంకో ముక్క కలపండి.

మీరు అడగలేదు గానీ, తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో పెట్టేటప్పుడు ఈ మాట దగ్గర మనవాళ్లు ఎక్కువగా కాలు జారేది క్రియలో. మనం విజిల్ వేస్తాం, విజిల్ కొడతాం, కుక్కర్‌కి విజిల్ వస్తుంది. నా పేపర్లలో ‘హి పుట్ ఎ విజిల్’, ‘హి హిట్ ఎ విజిల్’ అన్నవి వందల కొద్దీ ఎర్రసిరాతో కొట్టాను. నోటితో అయితే విడిగా నామవాచకం అక్కర్లేదు, ‘హి విజిల్డ్’ చాలు. పాట ఈలతో వేస్తే ‘హి విజిల్డ్ ఎ ట్యూన్’. చేతిలో వస్తువుంటే ‘హి బ్లూ ది విజిల్’. ఉచ్చారణలో టీ పలకదు, అది అందరికీ తెలుసు. తెలియనిది, మధ్యలో ఉన్నది ‘జ’ కాదు ‘స’. విసిల్ అనాలి. లిసన్, కాసిల్, రెస్లింగ్ కూడా అంతే. మనం రెజ్లింగ్ అన్నట్టే విజిల్ అని అలవాటు చేసుకున్నాం. తెలుగు మాట్లాడేటప్పుడు మార్చుకోనక్కర్లేదు, విసిల్ వేశాడంటే మన వీధిలో నవ్వుతారు.

కుక్కర్ సంగతి వేరు. అది మన సొంత ఇంగ్లిష్. మా శిష్యురాలొకరు చదువుకోడానికి ఇంగ్లండ్ వెళ్లి, ఇంటావిడకి పప్పు ఎలా చేయాలో చెబుతూ ‘స్విచ్ ఆఫ్ ఆఫ్టర్ త్రీ విజిల్స్’ అందట. ఆవిడ అరగంట పాటు పొయ్యి దగ్గర చెవి పెట్టి నిలబడింది. ఆవిడ కుక్కర్ ఒక్కసారీ కూయలేదు. అక్కడి కుక్కర్లు చాలావరకు ఆవిరిని సన్నగా వదులుతూ పోతాయి, వాళ్లు లెక్కపెట్టేది నిమిషాలు. మన కుక్కర్ నెత్తిన ఉన్న బరువు ఆవిరి పెరిగినప్పుడల్లా ఎగిరి ఒక కేక వేసి కూర్చుంటుంది, మనం ఆ కేకలు లెక్కపెడతాం. ఎంత మంట మీద, ఎంత పెద్ద కుక్కర్లో అన్నదాన్ని బట్టి మూడు విజిళ్లకి పట్టే సమయం మారిపోతుంది గనక, నిజానికి వాళ్ల లెక్కే నికరం. అయినా మా ఇంట్లో నిమిషాలు చూసే ధైర్యం నాకు లేదు. విదేశాల్లో వాళ్లకి వంట చెప్పాల్సొస్తే ‘ఆవిరి వచ్చాక సిమ్‌లో పది నిమిషాలు’ అని చెప్పండి. ఇక్కడి మనుషులతో మాత్రం త్రీ విజిల్స్ అనండి, అది తప్పు ఇంగ్లిష్ కాదు.

మీ మేనేజరుకి జవాబు. నుడికారానికి నుడికారం తిప్పికొట్టాలని చూడకండి, కొత్తలో అది బెడిసికొడుతుంది. ముందు టీమ్ గ్రూపులో బడ్జెట్ రాలేదని మీరే ఒక ముక్క రాసేయండి, నవ్వితే నవ్వనీయండి. తర్వాత ఆయనకి ఇంత చాలు: ‘అండర్‌స్టుడ్. ఐ విల్ కీప్ ఇట్ షార్ట్ అండ్ సింపుల్, అండ్ ప్లాన్ వితిన్ ది ప్రెజెంట్ బడ్జెట్.’